పెరటి తీగలు – మీ ప్రశ్నలు, జవాబులు: చలి దిగింది, కొమ్మ ఎప్పుడు నాటాలి, తీగని ఎలా కాచుకోవాలి

విజయనగరంలో సిరిమాను సంబరం అయిపోయి, నాగులచవితి కూడా దాటిందంటే ఇంక తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాల్సిందే. సరిగ్గా అప్పుడే మాకు తీగల గురించి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ఎక్కువవుతాయి, దొండ పండిపోతోంది, మల్లె మొండిబారింది, కొమ్మ నాటితే కుళ్ళిపోయింది అని. జవాబుల్లోకి వెళ్ళేముందు ఒక్క మాట చెప్పేస్తాను, ఎందుకంటే కింద అన్నిట్లోనూ అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం మైదానంలో డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు మామూలుగా 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇంకో రెండు మూడు డిగ్రీలు పడిపోయినా ఆ చలికి తీగలు చచ్చిపోవు, ఎదుగుదల ఆపుకుంటాయంతే. ఎదగని మొక్క నీళ్ళు తాగదు. మనం మాత్రం అయ్యో వాడిపోయిందే అని రోజూ చెంబుడు పోస్తాం, వేళ్ళు కుళ్ళిపోతాయి, నేరం చలి మీదకి పోతుంది. చలికాలంలో తీగని కాపాడ్డం అంటే మన వైపు ముక్కాలు భాగం నీళ్ళు తగ్గించడమే.

ప్రశ్న: మల్లె, జాజి కొమ్మలు ఎన్నిసార్లు నాటినా ఇదే తంతు అండి. పది రోజులకి చక్కగా చిగురు వస్తుంది, హమ్మయ్య బతికింది అనుకుంటాను, ఇంకో పదిహేను రోజులకి ఆ చిగురు వాడిపోయి కొమ్మ నల్లబడిపోతుంది. మా వదిన చెయ్యి మంచిది, ఆవిడ ఎలా గుచ్చినా బతుకుతుంది. నా చేతిలోనే లోపమా?
— కంటోన్మెంట్, విజయనగరం నుంచి ఒక గృహిణి

జవాబు: చేతిలో లోపం ఏమీ లేదమ్మా, ఆ మాట మనసులోంచి తీసెయ్యండి. చిగురు వచ్చింది కాబట్టి వేరు కూడా వచ్చేసి ఉంటుంది అని అందరం అనుకుంటాం, అది నిజం కాదు. కొమ్మలో ముందే దాచుకున్న పిండిపదార్థం ఉంటుంది, దాంతోనే చిగురు వేసేస్తుంది. వేరు ఇంకా పుట్టకుండానే ఆకులు విచ్చుకుంటే ఆ ఆకుల్లోంచి నీళ్ళు ఆవిరైపోతుంటాయి, కింద నుంచి అందించేవాడు లేడు, అలా ఎండిపోతుంది. అందుకే వేరు పట్టేదాకా కొమ్మ చుట్టూ గాలి తేమగా ఉంచాలి, మట్టి మాత్రం బురదగా ఉండకూడదు, ఈ రెండూ ఒకేసారి కుదిరితేనే పని అవుతుంది. చాలామంది ఇది తిరగేసి చేస్తారు, మట్టి ముద్దగా ఉంచి పైన గాలికి వదిలేస్తారు.

కొమ్మ ఎంచుకోవడం చూద్దాం. మరీ లేత పచ్చ కొస వద్దు, అది కుళ్ళిపోతుంది, మరీ ముదిరిన చెక్కలాంటిదీ వద్దు, దానికి వేరు ఆలస్యం. రెంటికీ మధ్యలో, వంచితే కొంచెం వంగి టప్ మని విరిగేలాంటిది తీసుకోండి, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింద కోత కణుపుకి సరిగ్గా కింద ఏటవాలుగా, పైకోత అడ్డంగా కొయ్యండి, ఎందుకంటే నాటేటప్పుడు తలకిందులైతే మల్లెకి వేరు రాదు, కోత చూడగానే ఏది కిందో తెలిసిపోవాలి. మొగ్గలుంటే తుంచెయ్యండి, జాలి పడకండి. కింద ఆకులు తీసేసి పైన ఒక జత ఉంచండి, అవీ పెద్దవైతే సగానికి కత్తిరించండి. వేళ్ళ పొడి అని విత్తనాల షాపుల్లో ఐబీఏ అనే వేరు పుట్టించే మందు ఉన్నది చిన్న డబ్బాలో అమ్ముతారు, కోత తడిపి అందులో అద్ది దులిపి నాటండి. కలబంద గుజ్జు రాయొచ్చా, తేనె రాయొచ్చా అని చాలామంది అడుగుతారు, రాస్తే నష్టమేం లేదు గానీ మల్లె లాంటి వాటికి నేను ఆ పొడినే నమ్ముతాను.

మట్టి విషయం ఇంకా ముఖ్యం. నాగావళి ఇసకో చంపావతి ఇసకో, ఏటి ఇసక ఏదైనా పర్వాలేదు, సముద్రం ఒడ్డు ఇసక మాత్రం ఉప్పు కాబట్టి అస్సలు వద్దు. సగం ఇసక, సగం కొబ్బరి పొట్టు. ఉద్దానం వైపు పీచు తీసేచోట పొట్టు దొరుకుతుంది కానీ పచ్చి పొట్టులో కూడా ఉప్పూ వగరూ ఉంటాయి, బక్కెట్లో నానబెట్టి రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి పిండి వాడాలి. పేడ, ఎరువు ఏదీ కలపొద్దు, వేరే లేని కొమ్మకి ఎరువు ఎందుకు? నాటాక కుండీ మొత్తాన్ని పారదర్శకంగా ఉండే పాలిథిన్ కవర్‌తో కప్పి ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టండి. నెల నుంచి నెలన్నర పడుతుంది. మధ్యలో పీకి చూడొద్దు. నెమ్మదిగా వేలితో లాగితే పట్టుకున్నట్టు అనిపిస్తే వేరు పట్టినట్టే, అప్పుడు కవర్‌కి ముందు చిల్లులు పెట్టి, వారం పోయాక తీసెయ్యండి, ఒక్కసారే తీసేస్తే మళ్ళీ వాడిపోతుంది.

ఇంక అసలు సంగతి, ఎప్పుడు నాటారు అన్నది మీరు రాయలేదు. వేరు పుట్టడానికి మట్టి వెచ్చగా, సుమారు 21 నుంచి 27 డిగ్రీల దాకా ఉండాలి. మనకి ఆషాఢ శ్రావణాలు బ్రహ్మాండమైన టైము, గాలిలో తేమా ఉంటుంది మట్టీ వెచ్చగా ఉంటుంది. అది తప్పితే రథసప్తమి దాటాక మాఘ ఫాల్గుణాలు. మార్గశిర పుష్యాల్లో నాటితే కొమ్మ చావదు గానీ వేరు రావడానికి చాలా టైము పడుతుంది, ఆ లోపల ఎక్కువ నీళ్ళు పోసి మనమే చంపుకుంటాం. మీ వదినగారు బహుశా వానల్లో గుచ్చుతారేమో అడిగి చూడండి.

ఇంత తంతు ఎందుకు అనుకుంటే నేల అంటు కట్టండి, జాజికీ మల్లెకీ ఇది చాలా సులువు. కిందకి వంగే కొమ్మని తల్లి మొక్క నుంచి కొయ్యకుండానే, మధ్యలో ఒక కణుపు కింద చిన్న గాటు పెట్టి ఆ భాగాన్ని మట్టిలో పాతి పైన రాయి పెట్టెయ్యండి. తల్లి నుంచి నీళ్ళూ తిండీ అందుతూనే ఉంటాయి కాబట్టి వాడిపోయే భయమే లేదు. రెండు మూడు నెలలకి వేళ్ళు పడతాయి, అప్పుడు తల్లి వైపు కోసి తీసి నాటుకోండి.

ప్రశ్న: నమస్తే సార్, మా మల్లెకి చలికాలంలో ఆకులు బాగానే ఉంటాయి కానీ ఎండాకాలం పువ్వులు అంతంత మాత్రమే. పక్కింటివాళ్ళు సంక్రాంతికి ముందు మల్లెని మొండిగా నరికేసి ఆకులు కూడా దూసేస్తారు, చూస్తే ఏడుపొస్తుంది, కానీ వాళ్ళకే పువ్వులు!
— రాజాం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: పక్కింటివాళ్ళు చేసేదే రైటు తల్లీ. మల్లెకి పువ్వు కొత్త కొమ్మ మీద వస్తుంది, పాత కొమ్మ ఆకుల్ని మోస్తూ కూర్చుంటుంది అంతే. డిసెంబర్‌లో నీళ్ళు ఆపెయ్యాలి, మొక్క కొంచెం వాడి ఆకులు రాలుస్తుంది, దానికి అదే విశ్రాంతి. డిసెంబర్ చివర్లో గానీ జనవరిలో గానీ నేల నుంచి మోకాలెత్తుకి కొంచెం అటూఇటూగా కత్తిరించి, ఎండిన పుల్లలూ అడ్డదిడ్డంగా అల్లుకున్నవీ తీసేసి, మిగిలిన ఆకులు దూసెయ్యండి. తర్వాత పాదు తవ్వి రెండు మూడు రోజులు ఎండ తగలనిచ్చి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు మొదలుపెట్టాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది అంటారు కదా, ఆ టైముకి చిగుళ్ళు దట్టంగా వచ్చేస్తాయి, ఆ వెనకే మొగ్గలు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేసేది ఏంటంటే కత్తిరిస్తారు గానీ నీళ్ళు ఆపరు, మొక్క నిద్రపోకుండానే మళ్ళీ ఆకులు వేసేస్తుంది, పువ్వు పలచబడుతుంది. సన్నజాజిని కూడా జనవరిలో కత్తిరించొచ్చు. రాధామనోహరాన్ని మాత్రం ఇంత మొండిగా కొయ్యకండి, పూత అయ్యాక తేలిగ్గా సర్దితే చాలు.

ప్రశ్న: ఆగాకర పాదు ఒకటి వేశానండి. వానల్లో బాగా కాసింది, దీపావళి తర్వాత ఆకు పండి తీగంతా ఎండిపోయింది. మందేమైనా కొట్టాలా? పీకేద్దామని మా మావగారు అంటున్నారు.
— పాతపట్నం నుంచి ఒక కోడలు

జవాబు: పీకొద్దు పీకొద్దు! ముందు మీ మావగారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆగాకర చావలేదమ్మా, కింద దుంపలోకి వెళ్ళిపోయింది. దాని తీరే అంత, వానల్లో పాకి, కాసి, చలి మొదలవగానే పైదంతా ఎండిపోతుంది, దుంప మాత్రం మట్టిలో బతికే ఉండి ఎండాకాలం చివర్న తొలి జల్లు పడగానే మళ్ళీ మొలకేస్తుంది. కొండ మీదవాళ్ళు అడవిలో ఏ పాదు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఏటా అక్కడికే వెళ్ళి కోసుకొచ్చేది అందుకే. మందు ఏమీ వద్దు. ఎండిన తీగని నేలకి బెత్తెడు పైన కోసి, అక్కడ ఒక గోగు కర్ర గుచ్చి గుర్తు పెట్టుకోండి, లేకపోతే మార్చిలో ఎవరో ఒకరు ఆకుకూర మడి కోసం తవ్వేసి దుంపని ముక్కలు చేస్తారు. నీళ్ళు పూర్తిగా ఆపెయ్యండి. పాదు మీద ఎండుగడ్డి కప్పండి చాలు. నీళ్ళు నిలిచే పల్లం అయితే మాత్రం జాగ్రత్తగా తవ్వి, దుంపకి గాటు పడకుండా తీసి, పొడి ఇసకలో నీడన దాచి, మృగశిర కార్తెకి ముందు తిరిగి పాతుకోవచ్చు.

ఇంకో సంగతి, ఒక్క పాదే వేశానన్నారు కదా, అది కాసిందంటే ఆడ పాదే. ఆగాకరలో మగ పాదు వేరు ఆడ పాదు వేరు. చుట్టుపక్కల ఎక్కడో మగది ఉండబట్టి కాసింది. కాపు పెరగాలంటే పది ఆడ పాదులకి ఒక మగ పాదు ఉండేలా చూసుకోండి. గింజ వేస్తే ఏదొస్తుందో పువ్వు పూసేదాకా తెలీదు, పైగా గింజ మొలవడానికి బాగా మొండికేస్తుంది. అందుకని దుంప పంచుకోవడమే దారి, ఆడ పాదు దుంప ఆడదే అవుతుంది. ఆడ పువ్వు కింద చిన్న కాయలాంటి బుడిపె ముళ్ళతో సహా కనిపిస్తుంది, మగ పువ్వుకి వట్టి కాడ ఉంటుంది. వచ్చే వానాకాలం పూత మీద ఉన్నప్పుడే రంగు దారాలు కట్టి పెట్టుకోండి, దుంప దశలో చూసి ఎవరూ చెప్పలేరు.

పెండలం కూడా ఇంతే, దాని తీగ ఎండితే కంగారు పడకండి, తవ్వుకుని వండుకోండి, విత్తనానికి మంచి దుంప ఒకటి నీడలో దాచుకోండి.

ప్రశ్న: ఇచ్ఛాపురం అండి. ఒడిశా వైపు పొటల, హిందీలో పర్వల్ అంటారు కదా, ఆ తీగ మాకు బరంపురం చుట్టాలు ఇచ్చారు. ఇది కూడా చలికి ఎండిపోతుందా? దాన్ని ఉండలా చుట్టి పాతమన్నారు, నమ్మబుద్ధి కాలేదు.

జవాబు: నమ్మండి, సరిగ్గానే చెప్పారు. ఇదీ ఆడ మగ వేరు వేరుగా ఉండే జాతే, గింజతో కాకుండా తీగ ముక్కతోనే పెంచుతారు. ముదిరిన తీగ రెండు మూడు అడుగులది, ఎనిమిది పది కణుపులు ఉండేలా కోసి, ఆకులు దూసేసి, చుట్టలా చుట్టి గోతిలో పెట్టి మట్టి కప్పుతారు, కొసలు మాత్రం పైకి ఉండాలి. అక్టోబర్, నవంబర్‌లో ఇలా పాతితే చలికాలమంతా కింద వేరు పట్టుకుంటూ కూర్చుంటుంది, పైన ఏమీ కనిపించదు, ఫిబ్రవరిలో ఎండ ముదిరాక లేస్తుంది. 25 డిగ్రీల పైన ఉంటేనే దానికి ఉషారు. కనపడట్లేదు కదా అని తవ్వి చూడకండి. పది ఆడ తీగలకి ఒక మగ తీగ ఉండాలి, చుట్టాల్ని అదీ అడగండి.

ప్రశ్న: మేడమ్ గారికి, మా అమ్మాయి కెనడాలో టొరంటోలో ఉంటుంది. అక్కడ ఇండియన్ షాపులో మల్లె మొక్క కొనుక్కుంది, వేసవిలో పువ్వులు పూసి ఫొటోలు పెట్టింది, ఆ పువ్వులు దాని జళ్ళో చూసి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు మంచు పడుతుంది కదా, మొక్క ఏమైపోతుందో అని రోజూ వీడియో కాల్‌లో దాని గోలే. నేను వచ్చే వేసవికి వెళ్తున్నాను, మా పెరటి జాజి కొమ్మ కూడా పట్టికెళ్ళొచ్చా?
— నరసన్నపేట నుంచి ఒక అమ్మ

జవాబు: ముందు రెండో ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను, కొమ్మ పట్టుకెళ్ళొద్దు తల్లీ. వేరే దేశానికి మొక్క తీసుకెళ్ళాలంటే పురుగూ తెగులూ లేవని మన ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, ఆ దేశం రూల్సు కూడా ఒప్పుకోవాలి, మట్టితో అయితే ఆలోచన కూడా వద్దు. సూట్‌కేస్‌లో చీరల మధ్య పెట్టి తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. జాజి అక్కడే నర్సరీల్లో దొరుకుతుంది, కొనుక్కోమనండి.

మల్లె సంగతికి వద్దాం. నేను పైన చలికి తీగలు చావవు అన్నది మన ఊళ్ళ మాట. టొరంటో చలి వేరు, అక్కడ సున్నాకి కింద పదీ పదిహేనూ పోతుంది, మల్లె ఒక్క రాత్రి గడ్డకట్టే చలిలో బయట ఉంటే అయిపోయినట్టే. అందుకే అక్కడ పెంచేవాళ్ళు దాన్ని కుండీలోనే పెంచుతారు, రాత్రి 10 డిగ్రీలకి పడిపోయేలోపే, అంటే సెప్టెంబర్ చివరికే, లోపలికి తెచ్చేస్తారు. తెచ్చేముందు ఆకుల అడుగున పురుగులున్నాయేమో చూసి, గట్టి నీళ్ళ ధారతో కడిగి తేవాలి, లేదంటే ఇంట్లో మిగతా మొక్కలకీ అంటుకుంటాయి. కొమ్మల్ని మూడోవంతు కత్తిరించి తెస్తే చోటూ కలిసొస్తుంది.

ఇంట్లో దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టమనండి, ఆ దేశాల్లో చలికాలం సూర్యుడు దక్షిణాన బాగా కిందగా ఉంటాడు, ఆ కిటికీలోంచే ఎక్కువ వెలుతురు వస్తుంది. హీటర్ గాలి వచ్చే చోట అస్సలు వద్దు. హీటర్ల వల్ల ఇంట్లో గాలి బాగా పొడిగా అయిపోతుంది, ఆ పొడికి ఎర్రనల్లి పడుతుంది, ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలూ అడుగున సాలెగూడు లాంటి దారాలూ కనిపిస్తే అదే. అందుకని వారానికోసారి కుండీని బాత్రూమ్‌లో పెట్టి గోరువెచ్చని షవర్ కింద ఆకుల్ని రెండు వైపులా కడగమనండి. నీళ్ళు మాత్రం వేలు పెట్టి చూసి పై అంగుళం మట్టి ఎండాకే పొయ్యాలి. ఎరువు మార్చి దాకా వెయ్యొద్దు. లోపలికి తెచ్చిన కొత్తలో ఆకులు రాలతాయి, సగం రాలినా భయపడొద్దు, వెలుతురు తగ్గినందుకు మొక్క తన బరువు తగ్గించుకుంటోంది. అమ్మాయి అది చూసి కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోస్తుంది, మీరు ఫోన్‌లో ఆపాల్సింది అదే.

వెలుతురు సరిపోకపోతే గ్రో లైట్ అని అమ్ముతారు, రోజూ పన్నెండు గంటలు వేస్తే మొక్క హాయిగా ఉంటుంది. అదీ కుదరకపోతే రెండో పద్ధతి ఉంది, మొక్కని నిద్రపుచ్చడం, అంటే గడ్డకట్టని చల్లటి గదిలో, 10 డిగ్రీలకి కాస్త పైన ఉండే చోట, కొంచెం వెలుతురులో పెట్టి నెలకి ఒకటి రెండుసార్లు మట్టి పూర్తిగా ఎండిపోకుండా తడి చెయ్యడం. చూడ్డానికి మొండిగా ఉంటుంది గానీ వసంతంలో లేస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చే ఉపాయం వేరే ఉంది. వచ్చే ఏడు ఆగస్టులోనే, అక్కడ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, నాలుగు కొమ్మలు కోసి చిన్న కుండీల్లో పైన చెప్పినట్టు కవర్ కప్పి వేరు పట్టించమనండి. పెద్ద మొక్కకి వెలుతురూ చోటూ ఎక్కువ కావాలి, చిన్న మొక్క కిటికీ గట్టు మీద బుద్ధిగా కూర్చుంటుంది. పెద్దది పోయినా పిల్లలు ఉంటాయి, దాని ఫ్రెండ్స్‌కి పంచుకోవచ్చు కూడా. మీరు వేసవికి వెళ్తున్నారు కదా, ఆ నాలుగు కొమ్మలూ మీ చేత్తోనే నాటి రండి.

బయట పెట్టేటప్పుడు తొందరపడొద్దు. అక్కడివాళ్ళు మే 25కి ముందు సోమవారం వచ్చే విక్టోరియా డే సెలవు దాకా ఆగుతారు, ఆ తర్వాతే మంచు భయం తగ్గుతుంది. అప్పుడు కూడా ఒకేసారి ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి, మొదటి రోజు నీడలో గంటసేపు, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ వారం పది రోజుల్లో పూర్తి ఎండకి అలవాటు చెయ్యాలి.

శంఖుపువ్వూ తీగబచ్చలీ కూడా వేసుకుంటానంటే వాటికి ఈ తిప్పలేం వద్దు, అక్కడ వేసవి మొక్కల్లాగే వేసుకుని, గింజలు దాచుకుని, మళ్ళీ ఏడు రాత్రంతా నానబెట్టి వేసుకోవడమే.

ప్రశ్న: మనీ ప్లాంట్ ఆకు సీసాలో వేసి ఆరు నెలలైంది. వేళ్ళొచ్చాయి, చిగురు మాత్రం రావట్లేదు.
— చీపురుపల్లి

జవాబు: ఆకు ఒక్కటే వేశారు కాబట్టి ఇంక రాదు. చిగురు పుట్టేది కణుపు నుంచి. కణుపూ, దాని పక్కన చిన్న ముల్లులాంటి గాలి వేరూ ఉన్న ముక్క వెయ్యండి. వారానికోసారి నీళ్ళు మార్చండి.

ప్రశ్న: మాది ఎస్.కోట. అరకు వెళ్ళినప్పుడు సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియం తీగ చూసి ఒక కొమ్మ తెచ్చుకుని మామిడి చెట్టు మొదట్లో నాటాను, గుబురుగా ఉంది గానీ పైకి ఎక్కట్లేదు. పక్కనే తమలపాకు తీగ ఉంది, దానికేమో డిసెంబర్ వచ్చిందంటే ఆకులు చిన్నవైపోయి నల్ల మచ్చలు. రెండిటికీ చెప్పగలరు.
— ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ నమస్కారం. మీరు తెచ్చిన కొమ్మ పక్కకి పోయే కాపు కొమ్మ అయ్యుంటుంది. మిరియానికి మూడు రకాల కొమ్మలుంటాయి, చెట్టుని పట్టుకుని పైకెక్కేవి, పక్కలకి చాచి కాసేవి, మొదట్లో పుట్టి నేల మీద పాకేవి. పక్క కొమ్మ నాటితే అది ఎప్పటికీ పొదలాగే ఉంటుంది, దానికీ మిరియాలు కాస్తాయి, కుండీలో పెంచుకోడానికి బాగుంటుంది కూడా, దాన్ని తీసెయ్యకండి. చెట్టెక్కించడానికి మాత్రం నేల మీద పాకే తీగలు కావాలి. బాగా కాసే తల్లి మొక్క దగ్గర ఆ పాకే తీగల్ని మట్టికి తగలనివ్వకుండా, చిన్న కర్ర పాతి దానికి చుట్టి ఉంచుతారు, మట్టి తగిలితే కణుపు కణుపుకీ వేరేసేస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో వాటిని కోసి, లేత కొసా ముదురు మొదలూ వదిలేసి, మధ్య భాగాన్ని రెండు మూడు కణుపుల ముక్కలు చేసి, కవర్లలో మట్టి, ఇసక, మాగిన ఎరువు కలిపి నాటి నీడలో ఉంచితే వానలు మొదలయ్యేసరికి నాటడానికి రెడీ. ఈసారి అరకు వెళ్తే ఆ టైములో వెళ్ళి తోట వాళ్ళని అడిగి తెచ్చుకోండి.

కొండ మీద పెరిగే తీగ ఘాట్ కిందకి వస్తే దానికి చలి సమస్య కాదు, మన ఏప్రిల్, మే ఎండలూ పొడి గాలీ సమస్య. చలికాలం దాన్ని అలా వదిలెయ్యండి, వేసవిలో తీగ మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా కప్పి తడి ఆరకుండా చూడండి.

తమలపాకు మాత్రం మహా సుకుమారి, దానికి చలిగాలీ పడదు, ఎండా పడదు, నీళ్ళు నిలిస్తే అసలే పడదు. డిసెంబర్లో ఆకు చిన్నదవడం మామూలే, కంగారు వద్దు. ఉత్తరం వైపు గోగు కర్రలతో గానీ కొబ్బరాకులతో గానీ దడి కడితే గాలి దెబ్బ తగ్గుతుంది. ఈ రెండు జిల్లాల్లో గోగుకి లోటు లేదు, ఎండిన కర్రలు ఊరికే పొయ్యిలో పెట్టే బదులు ఇలా వాడుకోవచ్చు. నీళ్ళు సాయంత్రం కాకుండా ఉదయం ఎండ వచ్చాక, ఆకుల మీద పడకుండా మొదట్లోనే, అదీ తక్కువగా పొయ్యండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే ఆ నల్లమచ్చలు పాకిపోతాయి. మచ్చలున్న ఆకులు కోసి దూరంగా తగలెయ్యండి, పాదులో వెయ్యకండి. తెగులు మొదట్లోకి దిగి తీగ వేలాడబడితే 1 శాతం బోర్డో మిశ్రమం, అంటే 100 లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం కిలో సున్నం లెక్కన, మీ ఒక్క పాదుకి 1 లీటరు చాలు కాబట్టి 10 గ్రాములు 10 గ్రాములు. ఇనుము పాత్రలో కలపొద్దు, ప్లాస్టిక్ బక్కెట్ వాడండి. దాన్ని మొదట్లో మట్టి తడిసేలా పొయ్యండి, మీరు నమిలే ఆకు మీద మాత్రం పడనివ్వకండి, పడితే ఆ ఆకులు కోసి పారెయ్యండి. తీగ పెంచాలంటే నాలుగు కణుపుల ముక్కలో రెండు కణుపులు మట్టిలోకి పోయేలా వానాకాలం నాటండి, పక్కన అవిశ చెట్టు ఉంటే ఇంకేం కావాలి, పలచటి నీడా ఇస్తుంది ఎక్కడానికి ఆసరా కూడా.

ప్రశ్న: మొన్న అక్టోబర్ గాలివానకి పందిరి పడిపోయి మా రాధామనోహరం, కృష్ణకమలం రెండూ విరిగిపోయాయి. విరిగిన కొమ్మలు నాటితే ఈ చలిలో బతుకుతాయా?
— సోంపేట దగ్గర పల్లె నుంచి

జవాబు: మీ వైపు వాళ్ళకి అక్టోబర్ అంటే ఎంత గుబులో తెలుసు, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలకి తోటలే ఒరిగిపోయాయి కదా, అలాంటిచోట పెరటి తీగ గురించి బాధపడ్డం చిన్న విషయం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి, పెంచినవాళ్ళకే ఆ బాధ తెలుస్తుంది. విరిగిన కొమ్మ వాడకముందే, అదే రోజు కోసి నాటితే బతికే అవకాశం ఉంది, కార్తీకం లోపల మట్టి ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇప్పటికే ఎండిపోయినవాటి మీద ఆశ వద్దు. మొదలు బతికుంటే చాలు, చీలిన చోట కిందికంటా శుభ్రంగా కోసేసి వదిలెయ్యండి, రాధామనోహరం మొదలు దగ్గర్నుంచి పిలకలు వేస్తుంది, వేరుతో సహా పిలకని విడదీసి నాటడం కొమ్మ నాటడం కంటే చాలా నమ్మకం. కృష్ణకమలానికి రెండు మూడు కణుపుల ముక్కలు ఫిబ్రవరిలో పెట్టండి, తొందరగానే వేరేస్తుంది.

సముద్రం దగ్గర కాబట్టి గాలివాన తర్వాత ఆకుల మీద ఉప్పు ఉంటుంది, మంచినీళ్ళతో ఒకసారి తడిపి కడిగెయ్యాలి, లేకపోతే అంచులు మాడిపోతాయి. వచ్చే ఏటి నుంచి వానాకాలంలోనే ప్రతి తీగకీ రెండేసి కొమ్మలు కవర్లలో వేరు పట్టించి వరండాలో ఉంచుకోండి, తుఫాను హెచ్చరిక రాగానే పందిరి తాళ్ళు వదులు చేసి తీగని కిందకి దించి పడుకోబెట్టండి. బిగించి కట్టిన తీగే విరుగుతుంది. దించింది మట్టి పూసుకుంటుంది అంతే, లేపి కడిగి మళ్ళీ కట్టుకోవచ్చు.

ప్రశ్న: కడియం మొక్కల బండిలో గులాబీరంగు మాండివిల్లా కొన్నాను, చలికి ఆకులు పసుపు. కొమ్మ కోస్తే పాలు కారుతున్నాయి, దాన్ని నాటొచ్చా?
— శ్రీకాకుళం టౌన్

జవాబు: నాటొచ్చు, ఫిబ్రవరి దాటాక. పాలు నీళ్ళలో కడిగి, కోత కాసేపు ఆరనిచ్చి నాటండి, ఆ పాలు కళ్ళలోకీ చర్మం మీదకీ పోకుండా చూసుకోండి. ఇప్పుడు ఆకులు పసుపవుతున్నాయంటే ముందు కుండీ అడుగు చిల్లు చూడండి, నల్ల కవర్లో వచ్చిన బంకమట్టి ముద్దని అలాగే కుండీలో పెట్టేసి ఉంటారు, దాంట్లో నీళ్ళు పట్టుకుపోతాయి. ఈ చలిలో మట్టి ముద్ద విడగొట్టకండి, వేళ్ళు తెగుతాయి. నీళ్ళు తగ్గించి, పొద్దుటి ఎండ తగిలే చోట గోడ వారగా పెట్టి, రథసప్తమి వెళ్ళాక ఇసక కలిపిన మట్టిలోకి మార్చండి.